కల్నల్ నాయుడు: 68వ ఏట కూడా మైదానంలోనే



అంబర్‌పేట సీపీఎల్ మైదానంలో పోలీసు దేహదారుఢ్య పరీక్షలు జరిగే రోజుల్లో, తెల్లవారకముందే బారులు తీరిన యువతను మీలో చాలామంది చూసే ఉంటారు. మన పిల్లల్లోనూ ఎన్‌డీఏ అనీ, పోలీసు ఉద్యోగమనీ కలలు కనేవారు ఉన్నారు. ఆ కలతో పాటే ఇంట్లో ఒక బెంగ మొదలవుతుంది: బరువు. ఈ నెల మనం తలచుకునే వ్యక్తి జీవితంలో ఆ బెంగకు ఒక సమాధానం ఉంది.

ఆయన సీకే నాయుడు. 1895 అక్టోబరు 31న నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో పుట్టారు. 1916లో పెద్ద క్రికెట్‌లో అడుగుపెట్టారు. 1923లో ఇందౌర్ హోల్కర్ మహారాజు ఆయన్ను పిలిపించి తన సైన్యంలో హోదా ఇచ్చారు. తరువాత కల్నల్ అయ్యారు. ఆ హోదా ఆటను చూసి ఇచ్చిందే అయినా, ఆయన బతికింది సైనికుడిలాగే. క్రమశిక్షణలో తన జట్టును ఎంత కట్టుదిట్టంగా ఉంచారో, తన ఒంటినీ అలాగే ఉంచుకున్నారు.

1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 11 సిక్సర్లతో 153 పరుగులు చేశారు. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టుకు సారథ్యం వహించారు. ఫీల్డింగ్‌లో చేతికి దెబ్బ తగిలినా, మొదటి ఇన్నింగ్స్‌లో జట్టులో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశారు. 50 ఏళ్లు దాటాక ఒక రంజీ మ్యాచ్‌లో బంతి తగిలి పళ్లు ఊడినా ఆట ఆపలేదు. 1953లో కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రంజీ జట్టుకు సారథి అయ్యారు. 61వ ఏట ఉత్తరప్రదేశ్ తరఫున 84 పరుగులు చేశారు. 68వ ఏట చివరి మ్యాచ్ ఆడారు. అంటే 47 ఏళ్ల పాటు ఆటకు సరిపడా ఒంటిని నిలుపుకున్నారు.

ఇది ఒక వారంలోనో, నెలలోనో వచ్చే బలం కాదు. పరీక్ష దగ్గర పడ్డాక బరువు తగ్గాలని అన్నం, నీళ్లు మానేసిన పిల్లవాడు 1,600 మీటర్ల పరుగులో కళ్లు తిరిగి పడిపోవచ్చు. బరువు చాలదని ఆ ఉదయాన డజను అరటిపండ్లు మింగించినా, అది కాటా మీద కనిపిస్తుందే తప్ప కాళ్లకు బలం ఇవ్వదు. ఎదిగే వయసులో ఆకలి చంపుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది.

కనీసం ఏడాది ముందే మొదలుపెట్టండి. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూరలు వేళకు పెట్టండి. పరుగును కొద్దికొద్దిగా పెంచనివ్వండి. కంటినిండా నిద్రపోనివ్వండి. వారానికి ఒక్కసారి, ఒకే వేళకు బరువు చూడండి. ఎత్తుకు తగిన బరువుకు చాలా దూరంలో ఉంటే డాక్టరును కలవండి. అన్నిటికంటే ముఖ్యం, భోజనాల దగ్గర బరువు గురించి ఎగతాళి వద్దు.

సీకే నాయుడు 1967 నవంబరు 14న, బాలల దినోత్సవం రోజునే, ఇందౌర్‌లో కన్నుమూశారు. ఆయన కథ ఈ రాత్రి భోజనం చేస్తూ మీ పిల్లలకు చెప్పండి.