ఆగి ఆగి నడిచిన ఇంజను: రుడాల్ఫ్ డీజిల్ జీవితం

మన యూనియన్ వారు ఈ సంచికకు ఎవరైనా ఒక ఇంజనీరు జీవితం గురించి వ్రాయమని అడిగినపుడు నాకు వెంటనే రుడాల్ఫ్ డీజిల్ గుర్తుకు వచ్చాడు. అందుకు కారణం మా బావమరిది పాత డీజిల్ పికప్ వ్యాను.

ఆ బండి జబ్బు విచిత్రమైనది. చక్కగా నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. పావుగంట ఊరుకుని, ఫిల్టరు మీది చేతి పంపు నాలుగుసార్లు కొడితే మళ్లీ స్టార్టవుతుంది. ఆ తరువాత రెండు రోజులు ఏ గొడవా ఉండదు. మెకానికల్ చదివిన బావ ఉన్నాడు గదా అని బండిని నా దగ్గరకు తెచ్చాడు. నేను ఫిల్టరు మార్పించాను. లైనులో చేరిన గాలి తీయించాను. ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి, ఒక గంట ఊరంతా తిప్పి చూశాను. ఎక్కడా ఆగలేదు. బాగుపడిందని చెప్పి పంపేశాను.

నాలుగో రోజున శృంగవరపుకోట దాటి అరకు ఘాటు ఎక్కుతుండగా మలుపులో ఆగింది. ఇంజను ఆగితే బ్రేకుకు సాయం చేసే వాక్యూమ్ కూడా ఒకటి రెండు తొక్కులతో అయిపోతుంది. పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బండి వెనక్కు జారుతుంటే వెంట ఉన్న కుర్రవాడు కిందికి దూకి చక్రం కింద రాయి పెట్టాడు. దైవకృప, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఏదో ఒకటి చదువుదామని డీజిల్ జీవితచరిత్ర తీశాను. నేను చేసిన తప్పే ఆయన కూడా, ఎంతో పెద్ద ఎత్తున, చేశాడని అప్పుడు తెలిసింది.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి తోలు సామాను తయారుచేసేవాడు. తయారైన సరుకును తోపుడుబండిలో ఖాతాదారుల ఇళ్లకు చేర్చే పని చిన్న రుడాల్ఫ్‌ది. 1870లో ఫ్రాన్స్‌కూ ప్రష్యాకూ యుద్ధం రాగానే పారిస్‌లో జర్మన్లకు నిలువనీడ లేకపోయింది. కుటుంబం లండన్ చేరింది. అక్కడా జరుగుబాటు కష్టమై, పన్నెండేళ్ల కుర్రవాణ్ణి జర్మనీలోని ఔగ్స్‌బర్గ్‌లో ఉన్న బంధువుల ఇంటికి పంపేశారు. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. ఆయన నీడన చదువుకుని, స్కాలర్‌షిప్పుతో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు. 1879లో సరిగ్గా చివరి పరీక్షల వేళకు టైఫాయిడ్ వచ్చి మంచం పట్టాడు. తోటివారితో పాటు బయటపడలేకపోయినా, 1880 జనవరిలో పరీక్షలకు కూర్చుని అత్యుత్తమ మార్కులతో ఉత్తీర్ణుడయ్యాడు.

మ్యూనిక్‌లో ఆయన గురువు, శీతలీకరణ యంత్రాలకు పేరుపడ్డ కార్ల్ ఫాన్ లిండే. ఆవిరి యంత్రం బొగ్గులోని వేడిలో నూటికి ఆరు మొదలు పది పాళ్లు మాత్రమే పనిగా మార్చగలదని ఆయన క్లాసులో చెప్పాడు. తక్కిన వేడంతా వృథా. కార్నో సిద్ధాంతం ప్రకారం అంత వృథా కానక్కరలేదని కూడా చెప్పాడు. చాలామంది అది నోట్సులో వ్రాసుకుని మరచిపోయి ఉంటారు. డీజిల్ మాత్రం మరచిపోలేదు. లిండే కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ, ఏళ్ల తరబడి అమ్మోనియాతో ఒక యంత్రం చేయాలని తంటాలు పడ్డాడు. అది ఫలించలేదు. కాని అందులోంచే అసలు ఆలోచన పుట్టింది.

సైకిలు పంపు గట్టిగా కొడితే అడుగున వేడెక్కడం మనందరం ఎరిగినదే. గాలిని అంతకు ఎన్నో రెట్లు నొక్కితే, దానిలో పడిన ఇంధనం తనంత తానే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్గుతో పనిలేదు. ఇదీ ఊహ. 1892లో దరఖాస్తు పెట్టి మరుసటేడు పేటెంటు సంపాదించాడు. ఔగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారమూ, క్రుప్ కంపెనీ పెట్టుబడికి ముందుకు వచ్చాయి.

కాగితం మీద ఆయన వేసిన లెక్క 250 అట్మాస్ఫియర్ల పీడనం. ఇనుము అంత ఓర్చుకోలేదు. లెక్కను బాగా కిందికి దించుకోవలసి వచ్చింది. 1893 ఆగస్టు 10న మొదటి ప్రయోగంలో ఇంధనం అంటుకుంది గాని, పీడనం కొలిచే పరికరం పేలి ముక్కలయింది. 1894 ఫిబ్రవరి 17న ఇంజను తన సొంత శక్తితో నడిచింది. ఎంతసేపు? ఒక్క నిమిషం. ఇక అక్కడినుంచి మూడేళ్లు పెనుగులాట. సిలిండరులో గాలిని నొక్కడం ఒక ఎత్తయితే, అంత ఒత్తిడికి ఎదురుగా ఇంధనాన్ని సన్నని తుంపరగా, సరైన క్షణంలో, సరైన మోతాదులో లోపలికి పంపడం మరొక ఎత్తు. ఆ పని చేయగల పంపు ఆనాడు లేదు. చివరకు వేరే కంప్రెసరు పెట్టి, ఇంకా ఎక్కువ ఒత్తిడి గల గాలితో ఇంధనాన్ని లోపలికి ఊదించాడు.

1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి పరీక్షించాడు. దక్షత నూటికి 26.2. ఆనాటి సామాన్యమైన ఆవిరి యంత్రానికి రెండింతలకు పైమాటే. దేశదేశాల వారు హక్కుల కోసం ఎగబడ్డారు. అమెరికా హక్కులకు అడాల్ఫస్ బుష్ అనే బీరు వ్యాపారి ఇచ్చినది పది లక్షల మార్కులు. నలభయ్యేళ్లకల్లా డీజిల్ గొప్ప ధనవంతుడయ్యాడు.

అసలు కథ ఇక్కడే మొదలైంది. 1898లో కెంప్టెన్ అనే ఊళ్లో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి మొదటి ఇంజను అమ్మారు. పరీక్షశాలలో నిపుణుల చేతుల్లో బుద్ధిగా నడిచిన యంత్రం ఫ్యాక్టరీలో మాటిమాటికి మొరాయించింది. ఇతర చోట్ల కూడా అదే వరస. ఔగ్స్‌బర్గ్‌లో ఆయన పేరిట పెట్టిన ఫ్యాక్టరీ నిలదొక్కుకోలేక కొన్నేళ్లకు మూతపడింది. పేటెంటులో చెప్పింది ఒకటి, ఇంజను పనిచేసే తీరు మరొకటి అని గిట్టనివారు దుమారం లేపారు. అందులో కొంత నిజం కూడా ఉంది. కోర్టు వ్యాజ్యాలూ, తలనొప్పులూ, మనోవ్యాధి. కొంతకాలం చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది. వచ్చిన డబ్బు స్థలాల బేరాల్లో, చమురు వ్యాపారంలో కరిగిపోయింది.

ఇంజను మాత్రం చావలేదు. 1900 పారిస్ ప్రదర్శనలో అత్యున్నత బహుమతి పొందింది. అక్కడ ఒక డీజిల్ ఇంజను వేరుశెనగ నూనెతో నడిచిందంటే మన ప్రాంతం వారికి వినసొంపుగా ఉంటుంది! క్రమేణా ఓడలకెక్కింది. కాని రోడ్డు మీది బండికి, ఆ బరువైన కంప్రెసరుతో, సరిపడలేదు.

1913 సెప్టెంబరు 29 రాత్రి డీజిల్ ఆంట్వర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండు బయలుదేరాడు. మిత్రులతో భోంచేసి, ఉదయం ఆరుంబావుకు లేపమని చెప్పి గదికి వెళ్లాడు. తెల్లవారి చూస్తే మనిషి లేడు, పక్క నలగలేదు. డెక్కు మీద మడిచి పెట్టిన కోటూ, టోపీ దొరికాయి. పది రోజుల తరువాత ఒక డచ్చి పడవ వారికి సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులను కుమారుడు గుర్తించాడు. బయలుదేరేముందు భార్యకు ఇచ్చి వచ్చిన సంచిలో 20,000 మార్కులూ, బ్యాంకులో ఏమీ మిగలలేదని చూపే కాగితాలూ ఉన్నాయి. ఆత్మహత్యే అని ఎక్కువమంది అభిప్రాయం, తేలలేదు.

ఆయన ప్రాణం తోడేసిన ఇంధనం సమస్య ఆయన పోయిన పద్నాలుగేళ్లకు తీరింది. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ ఇంజెక్షన్ పంపులు పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మసాగింది. కంప్రెసరు పోయింది, లారీకి డీజిల్ వచ్చింది. అయితే ఆ పంపు గాలి బుడగను సహించదు. గాలి నొక్కుకుపోతుంది, నాజిల్ తెరుచుకోదు, ఇంజను ఆగుతుంది.

మా బండి సంగతి చెప్పలేదు గదూ. షెడ్డు మేస్త్రీ ట్యాంకులో డీజిల్ పావు వంతుకు దింపాడు. ఫీడ్ పంపుకు వచ్చే లైనులో జానెడు తెల్ల ప్లాస్టిక్ గొట్టం, లోపల పారేది కనిపించేటట్టు, తగిలించాడు. ముందు చక్రాలు ర్యాంపు ఎక్కించి ఇంజను వదిలేశాడు. ఇరవై నిమిషాలకు గొట్టంలో బుడగలు వరస కట్టాయి. వెనక్కి వెతుక్కుంటూ పోతే ట్యాంకు దగ్గర రబ్బరు పైపుకు క్లిప్పు కింద వెంట్రుకవాసి పగులు. ట్యాంకు నిండుగా ఉంటే డీజిల్ తన బరువుతోనే వస్తుంది. తగ్గినపుడు, పైగా ఎగువ ఎక్కేటపుడు, పంపు లాగవలసి వచ్చి పగులు గుండా గాలి పీలుస్తుంది. బయటికి కారేది లేదు గనుక నేల మీద చుక్క పడదు. నేనేమో ట్యాంకు నింపి, చదును రోడ్డు మీద పరీక్షించి, సర్టిఫికెట్ ఇచ్చాను!

కొత్త పైపు వేశాక పావు ట్యాంకుతో అదే ఘాటు రెండుసార్లు ఎక్కించాం. ఈసారి పక్క సీటులో నేను కూర్చున్నాను. బండి ఆగలేదు. ఆ తరువాతే బాగయిందన్నాను.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! రేపు మీరు చేసిన యంత్రమో, కట్టిన వంతెనో నలుగురి చేతికి వెళుతుంది. మనకు అనుకూలమైన చోట నడిచిందని సంతోషపడకండి. అది ఎక్కడ ఆగుతుందో అక్కడికి మనమే ముందు వెళ్లాలి. డీజిల్ మహాశయుడు ప్రపంచానికి ఇంజను ఇచ్చాడు. ఆ జాగ్రత్తను మాత్రం తన బతుకుతో చెప్పి వెళ్లాడు.