సవర పిల్లలకు సొంత మాటలతో అక్షరాలు దిద్దించిన గిడుగు

గిడుగు వేంకట రామమూర్తి పేరు చెప్పగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తుకొస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నదీ అందుకే. అయితే ఆ ఉద్యమానికి చాలా ముందే పర్లాకిమిడి కొండల్లోని సవర పిల్లలకు చదువు చెప్పడానికి ఆయన పూనుకున్నారు. తరువాతి వాదనలకు బలం చేకూర్చిన అనుభవం బహుశా అక్కడిదే.

శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863లో రామమూర్తి జన్మించారు. బాల్యంలోనే తండ్రి వీర్రాజు మరణించడంతో విజయనగరంలో బంధువుల ఇంట ఉండి చదువుకున్నారు. గురజాడ అప్పారావు ఆయనకు అక్కడ సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, మరుసటి ఏడాది పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. శ్రీముఖలింగ ఆలయ శాసనాలను చదవడం గురువు లేకుండానే నేర్చుకున్నారు. పాత లిపులను విడదీసి చూడటానికి అలవాటుపడిన ఆ కన్నే తరువాత సవర భాష వైపు మళ్లింది.

సవరలు కొండల నుంచి పర్లాకిమిడికి వచ్చిపోతుండేవారు. వారి భాష ముండా కుటుంబానికి చెందినది. తెలుగుతో గాని ఒడియాతో గాని దానికి పుట్టుక సంబంధం లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట్లోనే ఉంచుకుని రామమూర్తి ఆ భాష నేర్చుకున్నారు. కొండ గ్రామాలు తిరిగారు. ఆ తిరుగుళ్లలో పట్టుకున్న మలేరియాకు వాడిన క్వినైన్ వల్లనే ఆయనకు వినికిడి తగ్గిందని చెబుతారు. ధ్వనులను చెవితో పట్టుకోవలసిన భాషా పరిశోధకుడికి అది చిన్న నష్టం కాదు.

తెలుగు ఇంటి బిడ్డకు ‘అ’ పక్కన అమ్మ బొమ్మ కనిపిస్తే చాలు, అక్షరం పట్టుబడుతుంది. ఆ మాట వాడి నోట అప్పటికే ఉంది కనుక కొత్తగా నేర్వవలసింది గీత ఒక్కటే. అదే పుస్తకం సవర బిడ్డ ముందు పెడితే గీతా కొత్తదే, మాటా కొత్తదే. అక్షరాలు కంఠస్థమైనా చదివినది అర్థం కాదు. పైగా మాట చివర గొంతు బిగించి ఆపే సవర ధ్వని వంటి వాటికి తెలుగు వర్ణమాలలో అక్షరమే లేదు. ఈ చిక్కులన్నీ ఎదుర్కొంటూనే రామమూర్తి తెలుగు లిపిలో సవర వాచకాలు సిద్ధం చేశారు. సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆయన కృషికి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వజూపగా, తనకు వద్దని, ఆ సొమ్ముతో సవర పిల్లలకు బడి పెట్టమని కోరారు.

సవర లిపిని ఆయనే సృష్టించారని కొందరు రాస్తుంటారు. నేడు సొరాంగ్ సొంపెంగ్‌గా పిలిచే లిపిని 1936లో రూపొందించినవారు మంగేయి గొమాంగో. గిడుగు కృషి వాచకాలు, వ్యాకరణం, నిఘంటువులకు సంబంధించినది. ఆ గౌరవానికి లిపి కర్తృత్వం జోడించనక్కర్లేదు.

1907 ప్రాంతంలో పాఠశాలల పర్యవేక్షణకు వచ్చిన ఆంగ్ల అధికారి జె.ఎ. యేట్స్, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని ఆరా తీశారు. కొండ బడిలో చూసిన ఇబ్బందే, తీవ్రత తక్కువైనా, మైదాన ప్రాంతపు బడిలోనూ ఉందని గ్రహించడానికి రామమూర్తికి ఎక్కువ కాలం పట్టి ఉండదు. 1911లో పదవీ విరమణ చేశాక ఆయన శేషజీవితమంతా ఆ వివాదంలోనే గడిచింది. గ్రాంథికవాదులకు వారి ప్రబంధాల నుంచే ఉదాహరణలు తీసి చూపిస్తూ ఊరూరా తిరిగారు.

అయినా సవర భాషను విడిచిపెట్టలేదు. ఆయన సవర భాషా కరదీపిక 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను వెలువడ్డాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్బై అయిదేళ్లు. అప్పటికి పర్లాకిమిడి ఆయన ఊరు కాకుండా పోయింది. 1936లో ఏర్పడిన ఒరిస్సా రాష్ట్రంలో దానిని కలపడాన్ని వ్యతిరేకించి, ఫలితం లేకపోవడంతో, దశాబ్దాలు గడిపిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో కన్నుమూశారు.

కుమారుడు గిడుగు సీతాపతి సవరల జీవనంపై వ్యాసాలు రాశారు, పిల్లలకు గేయాలు కట్టారు. 2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గిరిజన పిల్లలకు మాతృభాషలో చదువు ప్రారంభించినప్పుడు, సవర వాచకాలు మళ్లీ తెలుగు లిపిలోనే అచ్చయ్యాయి.