యల్లాప్రగడ సుబ్బారావుగారి చరితము

కృష్ణా గోదావరీ మండలములలో బోదకాలు ఎరుగని పల్లె లేదు. మురుగునీట పుట్టిన దోమ కుట్టుటచే సన్నని క్రిములు దేహమున ప్రవేశించి, ఏండ్లు గడచిన పిమ్మట కాలు ఏనుగుకాలువలె ఉబ్బును. రక్తమునందలి ఆ క్రిముల నణచు హెట్రజాన్ అను ఔషధమును 1947లో లోకమున కొసగిన పరిశోధక బృందమునకు నాయకులు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. విద్యాదాతలగు సంఘపోషకులకు వారి చరితము మిక్కిలి చింతింపదగినది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన జగన్నాథముగారికిని వెంకమ్మగారికిని జన్మించిరి. బాల్యమున వారికి చదువుపై శ్రద్ధ తక్కువ. పదుమూడేండ్ల ప్రాయమున కాశికి పోయి అరటిపండ్లు అమ్మి ధనము గడింపవలెనని ఇల్లు విడిచి పారిపోగా, పెద్దలు పట్టి తెచ్చిరి. చెన్నపురి హిందూ హైస్కూలు నుండి మెట్రిక్యులేషను పరీక్షయందు మూడవమారు గాని ఉత్తీర్ణులు కాలేదు.

మదరాసు మెడికల్ కాలేజీలో చదువు కాలమున గాంధీమహాత్ముని పిలుపు విని, శస్త్రచికిత్సా శాలకు ఖద్దరు వస్త్రములతో పోయిరి. ఆంగ్లేయుడగు ఆచార్యునకు అది కంటగింపయ్యెను. తక్కిన విషయములలో బాగుగ వ్రాసినను, ఎం.బి.బి.యస్. పట్టమునకు మారుగా అంతకు తక్కువదియగు ఎల్.ఎం.యస్. పట్టమే దక్కెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమును దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శారీరశాస్త్రమును బోధించుచు కాలము గడపిరి. అన్నగారగు పురుషోత్తముగారు స్ప్రూ అను దారుణమైన గ్రహణీవ్యాధిచే అంతకు పూర్వమే మరణించిరి. వ్యాధుల మూలము నెరుగవలెనను తపన వారిని విడువలేదు.

అట్టి యెడ ఆదుకొన్నది కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ. కోరంగివారగు నాయకరుగారు రంగూనున వ్యాపారము చేసి గడించిన ధనమును ధర్మకార్యములకు వ్రాసియిచ్చిరి. ఆ సంస్థ సుబ్బారావుగారి విదేశవిద్యకు సహాయము వాగ్దానము చేసెను. మామగారగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు మరికొంత ధనము సమకూర్చిరి. ఆ ధర్మధనమును గడించిన దాత కులము వేరు, గ్రహీత కులము వేరు. మూడవమారు మెట్రిక్యులేషను గట్టెక్కినవాడని గాని, తక్కువ పట్టము గలవాడని గాని సంస్థ వెనుదీయలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వైద్యశాస్త్రమును అభ్యసించుచు, కూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను కడిగిరి. తరువాత ఫిస్కే పండితునితో గూడి, రక్తమూత్రములందలి భాస్వరమును కొలుచు పద్ధతిని కనుగొని 1925లో ప్రకటించిరి. చూచుటకు ఇది స్వల్పము. కాని ఆ కొలబద్ద చేత నుండుటవలననే 1927లో కండరములలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. అను పదార్థములు వెల్లడి యయ్యెను. జీవకణమునకు శక్తి వ్యయము చేయు నాణెము ఏ.టి.పి.యే యని నేడు ప్రతి వైద్యవిద్యార్థియు చదువుచున్నాడు. 1930లో వారికి పి.హెచ్.డి. పట్టము లభించెను. స్థిరమైన ఆచార్యపదవి మాత్రము హార్వర్డులో దొరకలేదు.

1940లో లెడర్లీ ఔషధశాలకు పోయి, అచ్చట పరిశోధనలకు అధిపతులైరి. అన్నగారిని బలిగొన్న స్ప్రూ వ్యాధికి మందగు ఫోలిక్ ఆమ్లమును 1945లో వారి బృందము కృత్రిమముగ నిర్మించెను. దానిని పోలియుండి దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను మందుచే, రక్తపు క్యాన్సరు సోకిన బాలురకు తాత్కాలికముగ ఉపశమనము కలిగినట్లు ఫార్బరు వైద్యుడు 1948లో ప్రకటించెను. ఆ కుటుంబముదే యగు మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరునకు, కీళ్లవాతమునకు వాడబడుచున్నది. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిదగు ఆరియోమైసిన్ కూడ వారి శాలలోనే డగ్గరు పండితునిచే కనుగొనబడి 1948లో ప్రకటింపబడెను. ఆ యేడే ఆగస్టు 8వ తేదీ రాత్రి సుబ్బారావుగారు అమెరికాలో నిద్రలోనే కన్నుమూసిరి. స్వదేశమునకు మరలి రాలేదు. ధర్మపత్ని శేషగిరిగారి నిరీక్షణ ఫలింపలేదు.

వారు రాకున్నను వారి మందు వచ్చెను. 2004 మొదలు దేశములో బోదకాలున్న జిల్లాలందు ఇంటింట మింగించుచు వచ్చిన డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. ఒకప్పుడు కాకినాడ ధర్మసంస్థ వాగ్దానము చేసిన సహాయము ఈ విధముగ కులభేదము లేక ప్రతి గడపకును తిరిగి చేరినది.

ఇందు మనము గ్రహింపవలసిన దొకటి గలదు. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయము విజయవాడలో వెలసినది. ఎం.డి., ఎం.యస్. విద్యలకు మనవారు దూరము పోవలసిన పని తగ్గినది. కాని మన వేతనములు సాధారణముగ తొలిపట్టముతోనే ఆగిపోవుచున్నవి. ఆ పిమ్మట పరిశోధన గోరు పిల్లవానికి ఇంటివారు పెండ్లిని, ప్రాక్టీసును చూపుదురు. ఫలము కనబడని అయిదారేండ్లే కడు గడ్డు కాలము. భాస్వరపు కొలతకును బోదకాలి మందునకును నడుమ ఇరువది రెండేండ్లు గడచిన సంగతి మరువరాదు.

కావున ఈ మహాసభయందు పరిశోధనావిద్యకై ప్రత్యేకనిధి నొకదానిని నెలకొల్పవలెనని పోషకులను వేడుచున్నాను. దానికి మొదటి మార్కులు మాత్రమే కొలబద్ద కారాదు. ఏటేట ఫలమేదని అడుగరాదు. పరకులజుడు యోగ్యుడై వచ్చినపుడు తలుపు మూయరాదు. సత్యలింగ నాయకరుగారి ధర్మము ఆ తలుపు మూసియున్నచో, సుబ్బారావుగారు చెన్నపురిలోనే నిలిచిపోయి యుందురేమో!