దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారి జీవితము

మన గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో పలువురు మహనీయుల చరిత్రలు చోటు చేసికొనుచున్నవి. వారిలో ఒక క్రైస్తవ గురువు చరిత్ర కూడ ఉండదగునని తోచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను. ఆదోని నుండి ఎమ్మిగనూరు పోవు దారికి ఇరుప్రక్కల నున్న పల్లెలలో, మా అవ్వవంటి స్త్రీలు సంకటి కెసరు పెట్టునపుడు పిడికెడు జొన్నలో, కొఱ్ఱలో వేఱుగా తీసి ఒక కుండలో వేసి, ఆదివారమున ప్రార్థన మందిరమునకు తెచ్చుట మా చిన్ననాట చూచితిమి. ఇంట తిండి చాలని దినమునను ఆ పిడికిలి ఆగెడిది కాదు. ఇట్టి పిడికెడు గింజలపై ఒక మహాసంఘమును నిలువబెట్టి చూపిన ఆంధ్రదేశపు బిషప్పు ఒకరు గలరని పెద్దయిన పిమ్మట గ్రంథముల వలన తెలిసికొంటిని. ఆయనయే వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు.

మన సీమకును క్రైస్తవ ప్రచారమునకును గల సంబంధము ప్రాచీనమైనది. 1810వ సంవత్సరమున లండను మిషను వారి పక్షమున జాన్ హ్యాండ్సు బళ్లారిలో పని ప్రారంభించెను. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడు వరకు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. నాటి కర్నూలు జిల్లా తూర్పు భాగమున నంద్యాల ప్రాంతమందు ఇంగ్లండు సంఘమువారి మిషను నెలకొనెను. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోర క్షామము ఈ జిల్లాలను ఎట్లు నాశన మొనర్చెనో పెద్దలు కథలుగా చెప్పుచుండిరి. ఆ కాలమునను, ఆ తరువాతను మాల మాదిగ పల్లెలనుండి వేలకొలది జనులు క్రైస్తవ సంఘములలో చేరిరి. చేర్చుకొనుట సులభము; చేరినవారిని తీర్చిదిద్దుట కష్టము. చదువులేని, భూమిలేని, తరతరములుగా తలవంచి బ్రతికిన జనమునకు తలయెత్తి నిలుచుట యెవరు నేర్పవలెను? ఈ ప్రశ్నకు తన జీవితమునే జవాబుగా ఇచ్చినవారు అజరయ్యగారు.

ఆయన తెలుగువారు కారు. 1874వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన తమిళదేశమందలి తిరునెల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై గ్రామమున నాడారు కుటుంబమున జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయకము గారు హిందూ కుటుంబమున పుట్టి, క్రీస్తును నమ్మి, గ్రామ గురువుగా పనిచేసినవారు. తల్లి ఎల్లెను. ఆ దంపతులు పుత్రునికొఱకు చిరకాలము ప్రార్థించిరి. కావుననే బిడ్డకు శామ్యూలని పేరిడిరి; పూర్వము హన్నా దేవాలయమున కన్నీరు విడిచి పొందిన కుమారుని పేరది. 1889లో తండ్రి పరమపదించెను. నాటినుండి పెంపకపు భారమంతయు తల్లిపై పడెను. ఆమె బిడ్డను గారాబము చేయలేదు. ప్రార్థనయు క్రమశిక్షణయు ఆ యింట అన్నపానములవలె నిత్యమైనవి. పిన్ననాడు తల్లి ఒడిలో నేర్చిన ఆ పాఠమునే అజరయ్యగారు పెద్దయైన పిమ్మట వేలాది కుటుంబములకు నేర్పిరి.

తిరునెల్వేలిలో చదువు ముగించి ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలలో ప్రవేశించిరి. పట్టపరీక్ష సమీపించిన సమయమున జబ్బుపడుటచే పరీక్ష పూర్తిచేయలేక పోయిరి. డిగ్రీ లేకయే కళాశాలను విడిచిన ఆ విద్యార్థికి 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టమును ఒసగెను.

1895లో ఆయన వై.యం.సి.ఏ. కార్యదర్శిగా కుదిరి, 1909 వరకు దక్షిణదేశమంతయు సంచరించిరి. ఈ కాలముననే అమెరికానుండి వచ్చిన షెర్వుడ్ ఎడ్డీ అను యువకునితో ఆయనకు స్నేహము కుదిరెను. దొరయు దేశీయుడును కలిసి ఒక బల్లయొద్ద భోజనము చేయుట అరుదైన కాలమది. అట్టి కాలమున వీరిరువురు కలిసి ప్రయాణము చేసిరి, కలిసి ప్రార్థించిరి, ఒకరి తప్పు నొకరు నిర్మొగమాటముగా చెప్పుకొనిరి. గురుశిష్యులవలె గాక సోదరులవలె సాగిన ఈ చెలిమియే అజరయ్యగారి మనస్సున గొప్ప భావమునకు బీజమయ్యెను. 1898లో ఆయన అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడిరి. స్త్రీలు కళాశాల గడప తొక్కుట అపురూపమైన ఆ దినములలో ఆమె కళాశాల విద్య నభ్యసించిన విదుషి. వారికి నలుగురు కుమారులు, ఇరువురు కుమార్తెలు కలిగిరి.

1902లో సింహళమందలి జఫ్నాకు పోయినపుడు, అక్కడి దేశీయ క్రైస్తవులు తమ స్వంత ధనముతో సువార్త పని జరుపుట చూచి ఆయన సిగ్గుపడిరి. తిరునెల్వేలి సంఘము ఎంత పెద్దదైనను తన గడప దాటి ఒకరికి మేలుచేయలేదు గదా యని ఆయనకు తోచెను. వెంటనే 1903 ఫిబ్రవరిలో భారతీయ మిషనరీ సమాజము పాళయంకోటలో స్థాపితమయ్యెను. మనుష్యులు భారతీయులు, ధనము భారతీయము, నిర్వహణము భారతీయము. ఆ సమాజము నిజాము రాజ్యమందలి దోర్నకల్లును తన క్షేత్రముగా ఎన్నుకొనెను. 1905లో జాతీయ మిషనరీ సమాజ స్థాపనయందును ఆయన ముఖ్యులైరి.

ఇతరులను పంపి తాను పట్టణమున నుండుట ఆయనకు నచ్చలేదు. 1909లో గురుపట్టము పొంది, తానే దోర్నకల్లు వెళ్లిరి. తమిళము మాటలాడు నోటితో తెలుగు నేర్చిరి. ముప్పదియైదేండ్ల ప్రాయమున, కుటుంబీకుడై, అక్షరాభ్యాసము చేయు బాలునివలె కొత్త భాషకు కూర్చుండుట సామాన్య విషయము కాదు. పరదేశపు మిషనరీలకు పరభాష ఎంత కష్టమో ఆయన స్వయముగా అనుభవించిరి. పల్లె జనుల యెదుట తానును పరాయివాడనే యని తెలిసికొనిరి.

1910లో స్కాట్లండు దేశమందలి ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అందు అజరయ్యగారు పలికిన మాటలు సభను కలవరపెట్టినవి. మిషనరీల త్యాగమును ఆయన కాదనలేదు. వారు చేసిన దానములకు కృతజ్ఞత తెలిపిరి. కాని తెల్లవారికిని దేశీయ సేవకులకును నడుమ యజమాని కూలివాండ్ర సంబంధమే యున్నది గాని స్నేహము లేదనియు, అన్నిటికంటె మిన్నగా తమకు స్నేహితులు కావలెననియు నిర్భయముగా చెప్పిరి. కొందఱికి కోపము వచ్చెను. కొందఱు తలలు వంచిరి. ఎడ్డీతో గడిపిన సంవత్సరములే ఆయనచేత ఆ మాట పలికించినవి. స్నేహము నెరుగనివాడు స్నేహము లేమిని అంత చక్కగా చెప్పలేడు.

అప్పటి మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ దొరగారు అజరయ్యగారి యోగ్యతను ముందే కనిపెట్టి, ఆయనను బిషప్పు చేయవలెనని పట్టుపట్టిరి. వ్యతిరేకులకు కొదువలేదు. నల్లవాని క్రింద తెల్ల గురువులు ఎట్లు పనిచేయుదురని కొందఱు దొరలు సందేహించిరి. స్వజిల్లాలోని క్రైస్తవులలోనే కొందఱు కులభేదము చేత ఎదురు నిలిచిరి. వైట్‌హెడ్ గారు వెనుదీయలేదు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తా నగరమున సెయింట్ పాల్ దేవాలయములో అజరయ్యగారు దోర్నకల్లు ప్రథమ బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయుడు ఆయనయే. అప్పుడాయనకు ముప్పదియెనిమిది సంవత్సరములు.

మొదట చిన్నదైన ఆ అధ్యక్ష మండలము పిదప కృష్ణా ప్రాంతమునకును, నాటి కర్నూలు జిల్లాలోని నంద్యాల ప్రాంతమునకును వ్యాపించెను. ఎడ్లబండ్లపై, సైకిలుపై, కాలినడకన ఆయన పల్లెపల్లె తిరిగిరి. ఆయన పద్ధతి మూడు మెట్లుగా నుండెను.

మొదటిది ఇల్లు. తల్లిదండ్రులు మారనిదే బిడ్డలు మారరని ఆయన నమ్మిక. దోర్నకల్లులో ఉపదేశకులుగా, గురువులుగా శిక్షణ పొందుటకు వచ్చినవారు భార్యలతోకూడ రావలెను. భర్తలకు తరగతులు జరుగుచుండగా భార్యలకును చదువు, శుభ్రత, శిశుపోషణ నేర్పబడెడివి. ఈ పని అజరయ్యమ్మగారిది. తల్లుల సమాజమును నెలకొల్పి, పల్లెటూరి స్త్రీలను నాయకురాండ్రుగా చేసినది ఆమెయే.

రెండవది సంఘము. ప్రతి గ్రామమున ఒక ఉపాధ్యాయుడు. పగలు పిల్లలకు చదువు, కూలిపని ముగిసి జనులు ఇల్లు చేరిన పిమ్మట సాయంకాల ప్రార్థన. చదువు రానివారికి భజనలు, పాటలు, కోలాటములు పాఠములైనవి. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు పిశాచములను పల్లెనుండి వెడలగొట్టుటయు భక్తిలో భాగమేనని ఆయన బోధించిరి. దేవాలయమున మాలలును మాదిగలును ఒక్క చాప మీద కూర్చుండవలెను. ఒక్క పాత్రనుండి ప్రభుభోజనము పుచ్చుకొనవలెను. ఇది చెప్పుట సులభమే గాని జరిపించుటకు ఆయన జీవితకాలము చాలలేదు. కులమును పూర్తిగా జయించితిమని ఆయనయు అనుకొనలేదు.

మూడవది బాధ్యత. బీదవారము గనుక పుచ్చుకొనువారమే గాని ఇచ్చువారము కామను భావమును ఆయన సహింపలేదు. దినదినము వంటకు ముందు తీసిన పిడికెడు బియ్యము ఆదివారమున దేవుని సన్నిధికి రావలెను. ఇచ్చుటచేత బీదవాడు మనుష్యుడగుచున్నాడని ఆయన ఎరిగిరి. ఈ విషయమై ఆయన వ్రాసిన గ్రంథము పెక్కు భాషలలోనికి పోయెను. అట్లే, క్రొత్తగా బాప్తిస్మము పొందినవారు తమ తలపై చేయి పెట్టుకొని, సువార్తను ఇతరులకు ప్రకటించెదమని ఒట్టు పెట్టుకొనవలెను. శిష్యుడైన నాడే అతడు మఱియొకనికి గురువు కావలెనన్నమాట. పల్లెల యందలి ఈ మార్పును కన్నులార చూచి, పిమ్మట అగ్రకులములవారును కొందఱు సంఘమున చేరిరి. 1941 నాటికి ఆ మండలమందలి క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

ఆయన జీవితమున ఘర్షణలు లేకపోలేదు. హరిజనుల మతాంతర విషయమున గాంధీ మహాత్మునితో ఆయనకు తీవ్రమైన భేదాభిప్రాయము కలిగెను. తెలిసి ఆత్మవికాసము కొఱకు మతము మార్చుకొను శక్తి ఆ పేదలకు లేదని మహాత్ముని శంక. ఆ శక్తి వారికి కలదని, వారి స్వేచ్ఛను ఎవరును శంకింపరాదని బిషప్పుగారి వాదము. ఇరువురును ఆ పేదల మేలునే కోరిరి. ఎవరు సరియో నిర్ణయించు భారము చదువరులదే. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజక వర్గములు వలదని అజరయ్యగారు గట్టిగా పలికిరి. తన జనులు దేశమునుండి విడివడి లాభము పొందుట ఆయనకు సమ్మతము కాలేదు.

ఈ దేశీయతకు సాక్షిగా నేటికిని దోర్నకల్లులో ఎపిఫనీ దేవాలయము నిలిచియున్నది. మసీదుల బోలిన గుమ్మటములు, హిందూ దేవాలయ మండపముల బోలిన స్తంభములు, శిలలయందు చెక్కిన పద్మములు, వాటి నడుమ సిలువ. ఆదోనిలో సిద్ది మసూద్ ఖాను కట్టించిన జుమ్మా మసీదు అందమును ఎరిగిన మన ప్రాంతమువారికి ఇట్టి కలయిక క్రొత్తగా తోచదు. ధనము చాలక ఆ కట్టడము సుమారు ఇరువదియైదేండ్లు సాగి, 1939 జనవరి 6వ తేదీన ప్రతిష్ఠ జరిగెను.

వేఱువేఱు మిషనుల పేర చీలియున్న సంఘములన్నియు ఒక్కటి కావలెనని 1919లో తరంగంబాడి సభనుండి ఆయన పాటుపడిరి. ఆ దినమును చూచు భాగ్యము ఆయనకు కలుగలేదు. 1945 జనవరి 1వ తేదీన దోర్నకల్లులో కన్నుమూసిరి. రెండు సంవత్సరములు దాటిన పిమ్మట, 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. లండను మిషను వలన పుట్టిన సంఘములు ఆ ఐక్యతలో చేరినవి. విచిత్రమేమన, ఆయన స్వంత మండలములోనిదైన నంద్యాల ప్రాంతపు సంఘములు చాలవఱకు ఆనాడు వెలుపలనే నిలిచి, అనేక సంవత్సరముల పిమ్మట గాని కలియలేదు. మహనీయుల కోరికలును ఒక్కనాట ఫలింపవు. విత్తిన చేను అంతయు ఒకే వానకు మొలవదు గదా!

చదువరులారా! ఈ చరిత్రను క్రైస్తవులు మాత్రమే చదువవలెనని నేను తలంపను. తల్లి ఒడిలో దిద్దుకొన్న బిడ్డ, స్నేహితుని చేత సాన పట్టబడిన యువకుడు, తనను నమ్మిన పెద్ద చేతిమీదుగా పదవి నందిన సేవకుడు, పిదప తానే వేలమందికి తండ్రియైన కథ ఇది. మన గ్రంథాలయమును ఇరువదియైదు సంవత్సరములు నిలిపినదియు ఇట్టి వరుసయే. ఒక పెద్ద ఒక బాలునికి పుస్తకము నందించును. ఆ బాలుడు పెద్దయై వేఱొకని చేతిలో పెట్టును. ఎవరి శక్తికొలది వారు పిడికెడు గింజలు వేయుచుండిన ఆ కుండ ఎన్నటికిని వట్టిది కాదు. మన యువకులు ఈ మహనీయుని జీవితమును మననము చేసి, తాము పొందిన దానిని తమకంటె చిన్నవారికి అందింతురు గాక.