జెండా వెంకయ్యగారు

మనస్సులో మెదలిన రూపమును ఇతరుల మనస్సున నిలుపుట సులభమైన పని కాదు. గీత చక్కగా ఉన్నంతమాత్రమున చాలదు. ఆ గీత ఒక కథను చెప్పవలెను. ఈ మర్మమును మన ప్రాంతపు ప్రాచీన శిల్పులు బాగుగా ఎఱిగియుండిరి. వత్సవాయికి చేరువనున్న జగ్గయ్యపేటలో ధనంబోడు అను దిబ్బపై ఒక బౌద్ధస్తూపము కలదు. అచ్చట దొరకిన ఒక పలకపై నడుమ చక్రవర్తి నిలిచియుండగా, చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము మున్నగు సప్తరత్నములు చెక్కబడియున్నవి. అక్షరజ్ఞానము లేనివాడు సైతము దానిని చూచి, ఈతడు రాజులకు రాజని గ్రహింపగలడు. ఆ పలక నేడు చెన్నైలోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది.

అట్లే ఒక వస్త్రఖండముచేత కోట్లకొలది ప్రజల కథను చెప్పింపవలెనని తపించిన మహనీయుడు పింగళి వెంకయ్యగారు. ఆయన 1876వ సంవత్సరము ఆగస్టు 2వ తేదీన కృష్ణాజిల్లాలోని భట్లపెనుమర్రు గ్రామమున జన్మించిరి. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. మచిలీపట్నమున విద్య నభ్యసించి, యౌవనమున సైన్యమునందు చేరి, బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు వెళ్లిరి. గాంధీగారితో ఆయనకు పరిచయము కలిగినది అచ్చటనే. ఆ కాలమున భారత సైనికుడు ఆంగ్లేయుల పతాకమునకే వందనము చేయవలసియుండెను. తనదని చెప్పుకొనదగిన జెండా అతనికి లేదు.

స్వదేశమునకు మరలిన పిమ్మట వెంకయ్యగారు మునగాల పరగణాలోని నడిగూడెమున కొంతకాలము నివసించిరి. ఆ పరగణా నిజాము రాజ్యము నడుమ ఉన్నను, ఆనాడు కృష్ణాజిల్లాలోనిదే. రాజా నాయని వేంకట రంగారావుగారు దాని జమీందారు. పెనుగంచిప్రోలున జన్మించిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆ సంస్థానమునకు దివానుగా ఉండిరి. అచ్చట వెంకయ్యగారు ప్రత్తి విత్తనములపై పరిశోధనలు చేసి ప్రత్తి వెంకయ్య అనియు, జపాను భాషను నేర్చి జపాను వెంకయ్య అనియు పేరుపొందిరి. విత్తనములను ఓపికతో ఏరి పరీక్షించిన ఆయన, అదే ఓపికతో జెండాలను గూర్చియు ఆలోచించిరి.

మచిలీపట్నమందలి జాతీయ కళాశాలతో సంబంధము కలిగియున్న కాలమున, 1916లో ఆయన భారతదేశమునకొక జాతీయపతాకమను గ్రంథమును ప్రకటించిరి. అందు ఇతర దేశముల పతాకములను వర్ణించి, మన దేశమునకు తగిన నమూనాలను ముప్పది వఱకు చిత్రించి చూపిరి. ఒక్క బొమ్మను చూపి దీనినే అంగీకరింపుడని కోరక, బొమ్మ వెంట బొమ్మను నిలిపి పాఠకునిచేత ఆలోచింపజేయుట ఆయన పద్ధతి. ఆ పుస్తకముతో ప్రతి సంవత్సరమును కాంగ్రెసు మహాసభకు వెళ్లి, నాయకులకు తన భావమును తెలుపుచుండిరి.

అయినను ఏండ్లు గడచినవే కాని ఒక్క నమూనా అంగీకారము పొందలేదు. గాంధీగారు ఆయన పట్టుదలను మెచ్చుకొనిరి. కాని దేశమును కదిలింపగల శక్తి ఆ చిత్రములలో ఆయనకు కనబడలేదు. ఇందులో ఒక గొప్ప పాఠమున్నది. పుస్తకమునందలి బొమ్మకు క్రింద వ్యాఖ్య వ్రాయవచ్చును. ఎగురుచున్న జెండా ప్రక్కన వ్యాఖ్యాత నిలువడు. అది తన కథను తానే చెప్పుకొనవలెను.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడయందు అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమయ్యెను. జెండాపై రాట్నముండవలెనని జలంధరు వాసియగు లాలా హంసరాజుగారు అంతకుమున్నే సూచించియుండిరి. ఎఱుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నమును చిత్రింపుమని గాంధీగారు వెంకయ్యగారిని కోరిరి. మూడు గంటలలో చిత్రము సిద్ధమయ్యెను. అంతకాలము తన నమూనాలను మోసికొని తిరిగిన మనిషి, అవి కాదన్నంత మాత్రమున అలిగి కూర్చుండక, పరుల సూచనను తన చేతితో చిత్రించి ఇచ్చుటయే ఆయన ఔన్నత్యము.

సభ ముందుంచుటకు వేళ మించిపోయెను. ఆ ఆలస్యమును మేలుగా భావించి, గాంధీగారు తక్కిన మతములవారికి గుర్తుగా తెలుపును చేర్చిరి. సంఖ్యలో అల్పులకు అగ్రస్థానమని తెలుపు పైన, దాని క్రింద ఆకుపచ్చ, అన్నిటికిని అడుగున ఎఱుపు నిలిచినవి. రంగుల వరుసయే ఒక నీతికథ అయ్యెను. రాట్నము పల్లెపల్లెకును తెలిసినదే గావున, దాని అర్థమును ఎవరికిని విప్పి చెప్పవలసిన పని లేకపోయెను. 1923లో నాగపురమున ఆ జెండా కొఱకు సత్యాగ్రహము సాగెను. వందలకొలది జనులు దానిని పట్టుకొని నడచి చెఱసాలలకు వెళ్లిరి.

1931లో కాంగ్రెసు వారు కాషాయము, తెలుపు, ఆకుపచ్చ అను వరుసను స్వీకరించి, రంగులకు మతములతో పొత్తు లేదని తెలిపి, త్యాగము, సత్యము, విశ్వాసము మొదలగు గుణములను వానికి అర్థములుగా చెప్పిరి. 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆ జెండానే అంగీకరించి, రాట్నమునకు మారుగా ఇరువదినాలుగు ఆకుల అశోకచక్రమును నిలిపెను. రాట్నము ఒకవైపునుండి ఒకరీతిగను, వేఱొకవైపునుండి వేఱొకరీతిగను కనబడును. చక్రము ఎటు చూచినను ఒకటే. ఈ సంగతిని నెహ్రూగారు సభలో వివరించిరి.

వెంకయ్యగారు నిరాడంబరముగా జీవించి, 1963 జూలై 4న విజయవాడలో దివంగతులైరి. 2009లో తపాలాశాఖ ఆయన స్మృత్యర్థము బిళ్లను విడుదల చేసెను.

విద్యార్థులారా! మీలో కొందరు వంతెనలు కట్టుదురు, కొందరు యంత్రములు నిర్మింతురు, కొందరు బొమ్మలు గీయుదురు. మీ ఊహను పెద్దలముందు పెట్టునపుడు, చూచువానికి తెలిసిన వస్తువుతో మీ కథను మొదలుపెట్టుడు. వలదన్నచో మఱల గీయుడు. వెంకయ్యగారి ముప్పది బొమ్మలు వ్యర్థము కాలేదు. ముప్పది ఒకటవ బొమ్మకు అవియే మెట్లు.