స్వరం రాసిపెట్టిన మార్గరెట్

పుట్టింది కుప్పం, మెట్టింది పుంగనూరు. మంచి చీర కొనాలన్నా, పిల్లల చదువులన్నా నాకు మదనపల్లే దిక్కు. అక్కడి బిసెంట్ కాలేజీ అనగానే అందరికీ రవీంద్రుడు గుర్తొస్తారు. నాకు మాత్రం మార్గరెట్ కజిన్స్ గుర్తొస్తారు.

ఆవిడ 1878లో ఐర్లండులో పుట్టారు. సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. ఆడవాళ్లకు ఓటు కావాలని పోరాడి జైలుకెళ్లారు. 1915లో భర్త జేమ్స్‌తో మన దేశం వచ్చి, ఇక్కడి స్త్రీల ఓటు కోసమూ పాటుపడ్డారు.

1919 ఫిబ్రవరిలో, జేమ్స్ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ కాలేజీకి టాగూరు వచ్చారు. 1911 నాటి తన 'జనగణమన' పాడి వినిపించారు. అక్కడే దాన్ని ఇంగ్లీషులోకి మార్చారు. నోటిమీదే ఉన్న పాట నోటికో తీరుగా మారిపోతుంది కదా! మార్గరెట్ శ్రద్ధగా విని, దాని స్వరాలు కాగితం మీద పెట్టారు. కాలేజీ పిల్లలకు అదే ప్రార్థన గీతమైంది.

కొత్తగా బృందం కట్టి సొంత పాటలు అల్లుకునే మన పిల్లలు గమనించాల్సింది ఇదే. మాటలు కుదిరితే సగం పాటే. వినే చెవి, స్వరం రాసుకునే ఓపిక, కలిసే గొంతులు ఉంటేనే అది నిలుస్తుంది.

1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటుకు నడుం కట్టిందీ, 1932లో ఇక్కడా అరెస్టయిందీ ఆవిడే. 1950లో ఆ పాట జాతీయ గీతమయ్యేసరికి పక్షవాతంతో ఉన్నారు. 1954లో కన్నుమూశారు.

బడిలో పిల్లలకు పాట రాసినాయన పేరు చెబుతాం. స్వరం రాసిపెట్టినావిడ పేరు కూడా చెబుదామమ్మా!