నాలుగు తలుపుల కథలో లేని అల్ బిరూనీ

గజనీ నగరంలో వెయ్యి చెట్ల తోట అని ఒకటి ఉండేదట. ఆ తోటలో నాలుగు తలుపులున్న మేడ మీద సుల్తాన్ మహమూద్ ఒకరోజు కూర్చుని, ఆస్థాన నజూమీని పిలిపించి, తాను ఈ నాలుగింటిలో ఏ తలుపు గుండా బయటికి వెళ్తాడో లెక్కగట్టి కాగితం మీద రాసిపెట్టమని ఆజ్ఞాపించాడట. నజూమీ నక్షత్రాల ఎత్తు చూసి, లెక్క వేసి, కాగితం పరుపు కింద పెట్టాడు. సుల్తాన్ వెంటనే తూర్పు గోడకు కన్నం కొట్టించి అందులోంచి వెళ్లాడు. కాగితం తెప్పించి చూస్తే, నాలుగు తలుపుల్లో ఏదీ కాదు, తూర్పు గోడ పగలగొట్టించి వెళ్తాడని రాసి ఉంది! మండిపడ్డ సుల్తాన్ ఆ నజూమీని మేడ మీద నుంచి తోయించాడట. కింద కట్టి ఉన్న వలలో పడి ఆయన బతికాడు. తీరా ఆయన పంచాంగం తెరిస్తే, ఆ రోజు ఎత్తు నుంచి పడినా క్షేమంగా నేల చేరతానని కూడా రాసి ఉందట. దానికి బహుమానం ఆరు నెలల జైలు.

పెద్దలు చెప్పగా ఈ కథ విన్నవారు మన పాఠకుల్లో కొందరైనా ఉంటారు. కథలోని నజూమీ అబూ రైహాన్ ముహమ్మద్ బిన్ అహ్మద్ అల్ బిరూనీ. కథ వినడానికి బాగానే ఉంది. కానీ దీన్ని ఫార్సీలో రాసిన నిజామీ అరూజీ, బిరూనీ చనిపోయిన సుమారు నూరేళ్లకు ‘చహార్ మఖాలా’లో దీన్ని చేర్చాడు. బిరూనీ స్వయంగా రాసిన పుస్తకాలు చదివితే కనిపించే మనిషి వేరు. ఆయన గ్రహణం ఏ వేళకు పడుతుందో చెప్పగలడు. రాజు ఏ తలుపు గుండా వెళ్తాడో చెప్పగలనని మాత్రం ఆయన ఎన్నడూ నమ్మలేదు. ఈ రెండింటికీ ఉన్న తేడా కోసమే ఆయన జీవితం చాలావరకు ఖర్చయింది.

ఆయన హిజ్రీ 362 జుల్ హిజ్జా 3న, అంటే 973 సెప్టెంబర్ 4న, ఖ్వారిజ్మ్ రాజ్యంలోని కాస్ నగరం అంచున పుట్టారు. ఉర్దూ తెలిసినవారికి ఆయన పేరు సులభంగానే అర్థమవుతుంది. బైరూన్ అంటే బయట, ఆయన ఊరి బయటివాడు. నేడు ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న ఆ ఊరికి బెరూనీ అనే పేరు పెట్టారు. రాజవంశానికి చెందిన గణిత పండితుడు అబూ నస్ర్ మన్సూర్ ఆ పిల్లవాణ్ణి చేరదీసి చదివించారు. పదిహేడో ఏట బిరూనీ మిట్టమధ్యాహ్నపు సూర్యుడి ఎత్తు కొలిచి తన ఊరి అక్షాంశం లెక్కగట్టారు. 995లో రాజ్యంలో అంతర్యుద్ధం వచ్చింది. గురువుగారి వంశం గద్దె దిగింది, శిష్యుడు ప్రాణాలు చేతబట్టుకుని పారిపోయారు.

కొంతకాలం రై నగరంలో, అంటే ఇప్పటి టెహరాన్ దగ్గర, చేతిలో చిల్లిగవ్వ లేకుండా గడిపారు. అక్కడొక ఖగోళ పండితుడు ఏదో లెక్క విషయంలో ఈయన మాటను ఎగతాళి చేశాడు. ఈయన పేదవాడు కావడమే దానికి కారణం. తరువాత బిరూనీ పరిస్థితి బాగుపడగానే అదే పెద్దమనిషి స్నేహం కలుపుకున్నాడు. ఈ సంగతి బిరూనీ తన పుస్తకంలో రాసిపెట్టారు, మరచిపోలేదన్నమాట.

997 మే 24 రాత్రి కథ ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. అప్పటికి ఆయన వయసు 23. తిరిగి కాస్‌కు చేరారు. బాగ్దాద్‌లో ఉన్న పెద్ద గణిత శాస్త్రవేత్త అబుల్ వఫా బూజ్‌జానీతో ముందే మాట్లాడుకున్నారు. ఆ రాత్రి చంద్రగ్రహణం పడుతుంది, అక్కడ మీరు చూడండి, ఇక్కడ నేను చూస్తాను అన్నది ఏర్పాటు. చంద్రగ్రహణంలో ఒక సౌకర్యం ఉంది. సూర్యగ్రహణం ఊరూరికీ వేళ మారుతుంది, ఎందుకంటే చంద్రుడి నీడ చిన్నది, భూమి మీద పరుగెత్తుతూ పోతుంది. చంద్రగ్రహణంలో భూమి నీడే చంద్రుడి మీద పడుతుంది కాబట్టి, చంద్రుడు కనిపించే ప్రతిచోటా అది ఒకే క్షణంలో మొదలవుతుంది. గడియారాలు, తంతి తపాలా లేని కాలంలో రెండు దూర నగరాల వాళ్లు ఒకేసారి చూడగల గంట అదొక్కటే. ఇద్దరూ తమ తమ స్థానిక కాలం ప్రకారం గ్రహణం ఎప్పుడు పట్టిందో లెక్కగట్టారు. తేడా సుమారు ఒక గంట వచ్చింది. గంటకు పదిహేను డిగ్రీల చొప్పున బాగ్దాద్‌కూ కాస్‌కూ మధ్య రేఖాంశ భేదం తేలింది. ఏ ఊరి నుంచి ఖిబ్లా ఎటువైపో లెక్కలో తేల్చాలంటే ఈ రేఖాంశమే కావాలి.

గ్రహణం ముందే ఎలా తెలిసింది? చంద్రుడి దారి వల్ల. ఆకాశంలో సూర్యుడి దారికి చంద్రుడి దారి సుమారు ఐదు డిగ్రీలు వాలుగా ఉంటుంది. అందుకే ప్రతి పున్నమికీ చంద్రగ్రహణం, ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం రావు. రెండు దారులూ ఒకదాన్నొకటి దాటే చోట్లు రెండున్నాయి. పున్నమి గానీ అమావాస్య గానీ ఆ చోట్ల దగ్గర పడినప్పుడే గ్రహణం. అరబ్బీలో ఒకదాన్ని రాస్ అంటారు, అంటే తల. రెండోదాన్ని జనబ్ అంటారు, అంటే తోక. మన తెలుగులో వాటినే రాహువు, కేతువు అంటున్నాం. అవి రెండు బిందువులు మాత్రమే. అవి కూడా ఒకచోట నిలవవు, వెనక్కి జరుగుతూ సుమారు పద్దెనిమిదిన్నర ఏళ్లకు ఒక చుట్టు తిరుగుతాయి. ఈ లెక్క తెలిసినవాడికి గ్రహణంలో వింత ఉంటుంది, భయం ఉండదు.

కాస్పియన్ సముద్రం దగ్గరి జుర్జాన్‌లో ఖాబూస్ రాజు కొలువులో ఉండగా ఆయన వివిధ జాతుల పంచాంగాల గురించి గొప్ప గ్రంథం రాశారు. 1003లో అక్కడే రెండు చంద్రగ్రహణాలు చూశారు. తరువాత స్వదేశానికి వచ్చి ఖ్వారిజ్మ్ షా దగ్గర ఉన్నారు. 1017లో తిరుగుబాటుదారులు ఆ షాను చంపారు. అదే సాకుగా మహమూద్ గజనవీ దండెత్తి దేశం పట్టుకున్నాడు, పండితులను వెంట తీసుకుపోయాడు. బిరూనీ అతిథిగా వెళ్లారా, బందీగా వెళ్లారా అన్నది నేటికీ చర్చే. రెండూ అయి ఉండవచ్చునని నాకనిపిస్తుంది.

మరుసటి ఏడాది అక్టోబరులో ఆయన కాబూల్ దగ్గరి ఒక పల్లెలో ఉన్నారు. చేతిలో ఉస్తర్‌లాబ్ లేదు, ఏ పరికరమూ లేదు. లెక్కలు వేసుకునే పలక వెనకవైపు చాపం గీసి, డిగ్రీలుగా విభజించి, మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండు దారం లాంటిది కట్టి సూర్యుడి ఎత్తు కొలిచారు. 1019 ఏప్రిల్ 8న లమ్‌ఘాన్ లోయలో సూర్యగ్రహణం చూశారు. చుట్టూ కొండలు కావడంతో సూర్యుడు పైకి వచ్చేదాకా ఏమీ కనిపించలేదు. కనిపించేసరికి మూడో వంతు మూసుకుపోయి, విడుస్తూ ఉంది. అదే ఏడాది సెప్టెంబర్ 17న గజనీలో చంద్రగ్రహణం. పట్టిన వేళకు ఏ నక్షత్రం ఎంత ఎత్తున ఉందో పేరుపేరునా రాసుకున్నారు.

యువకుడిగా ఉండగా సూర్యగ్రహణాలను తేరిపార చూసి కళ్లు పాడుచేసుకున్నానని కూడా ఆయన దాచకుండా రాశారు. నీటిలో ప్రతిబింబం చూడటం మేలని సలహా ఇచ్చారు. మన పల్లెల్లో పళ్లెంలో నీళ్లు పోసి గ్రహణం చూసేది ఈ పద్ధతే. అయితే అదీ పూర్తి క్షేమం కాదని ఇప్పటి కంటి వైద్యులు చెబుతున్నారు, గ్రహణం కోసం తయారైన అద్దాలే వాడాలి.

ఇక హిందూస్థాన్ సంగతి. మహమూద్ దండయాత్రల వల్ల ఈ దేశపు సంపద, విద్య ఎలా చెల్లాచెదురయ్యాయో, తన మీద అధికారం ఉన్న ఆ సుల్తాన్ గురించే బిరూనీ రాశారు. పండితుల దగ్గర కూర్చుని సంస్కృతం నేర్చుకున్నారు. సుమారు 1030లో వెలువడిన ‘కితాబుల్ హింద్’లో గ్రహణాల మీద ఒక అధ్యాయమే ఉంది. వరాహమిహిరుడు గ్రహణ కారణం సరిగ్గా చెప్పినందుకు మెచ్చుకున్నారు. బ్రహ్మగుప్తుడి దగ్గర ఆగిపోయారు. గ్రహణం నీడ వల్లనే అని తెలిసిన, దాన్ని అణాపైసలతో లెక్కగట్టగల పండితుడు, మరోచోట రాహువు మింగుతాడనే నమ్మకాన్ని ఎందుకు సమర్థించాడు? మనస్సాక్షికి విరుద్ధంగా రాశాడని బిరూనీ నిలదీశారు. వెంటనే, సోక్రటీసుకు పట్టిన గతి తనకూ పడుతుందని భయపడ్డాడేమోనని అనుమానం కూడా వ్యక్తం చేశారు.

ఈ నిలదీత చదివినప్పుడల్లా నాకు బిరూనీ సొంత పుస్తకం ‘తఫ్‌హీమ్’ గుర్తుకొస్తుంది. 1029లో, రైహానా బిన్తె హసన్ అనే ఖ్వారిజ్మ్ మహిళ కోసం ప్రశ్నలూ జవాబులుగా రాసినది. రేఖాగణితం, అంకెల లెక్క, ఖగోళం, ఉస్తర్‌లాబ్ వాడకం అన్నీ అయ్యాక చివరి భాగమంతా జ్యోతిషమే! ఏ గ్రహం దేనికి సూచన, ఏ రాశి ఎవరికి మంచిదంటారు అన్నీ ఓపికగా రాశారు. ఆ భాగం మొదట్లోనే, జనంలో ఎక్కువమంది దీన్ని శాస్త్రాల ఫలమని నమ్ముతున్నారనీ, తన నమ్మకం మాత్రం అతి తక్కువ నమ్మేవారి వంటిదనీ తేల్చేశారు. రాజుల కొలువులో ఉప్పు తినేవాడికి ఇల్మె హైఅత్ ఒక్కటే చాలదు, ఇల్మె నుజూమ్ కూడా తెలిసి ఉండాలి. బ్రహ్మగుప్తుడి మీద ఆయనకు కలిగిన జాలిలో కొంత తన మీద కూడా ఉందేమో.

దైవప్రవక్త ముహమ్మద్ (స) చిన్న కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. పసివాడి మరణం వల్లే పట్టిందని జనం అనుకుంటే, ఎవరి పుట్టుక వల్లా, ఎవరి చావు వల్లా గ్రహణాలు పట్టవని ప్రవక్త (స) తన దుఃఖంలోనే స్పష్టం చేశారు, నమాజు చేశారు. అయినా మన ఇళ్లలో గ్రహణం రోజున గర్భిణి కత్తి పట్టకూడదు, బట్ట కత్తిరించకూడదు అనడం మానలేదు. 1980 ఫిబ్రవరి 16న మహబూబ్‌నగర్, నల్గొండ వైపు సంపూర్ణ సూర్యగ్రహణం కనిపించిన నాడు పట్టపగలు వీధులు నిర్మానుష్యమయ్యాయి. మన ఇళ్ల తలుపులూ మూసే ఉన్నాయి.

మహమూద్ తరువాత గద్దెనెక్కిన సుల్తాన్ మసూద్ పేరు మీద బిరూనీ తన అతిపెద్ద ఖగోళ గ్రంథం ‘అల్ ఖానూనుల్ మసూదీ’ రాశారు. అందుకు మసూద్ ఏనుగు మోసేంత వెండి పంపితే, తనకు అవసరం లేదని ఖజానాకు తిప్పి పంపారని చరిత్రకారులు చెబుతారు. ఒకప్పుడు పేదరికం వల్ల ఎగతాళి పాలైన మనిషి ఆయన.

యాభై దాటాక ఆయనకు తీవ్రమైన జబ్బులు చేశాయి. నమ్మకం లేకపోయినా, ఎంత ఆయుష్షు మిగిలిందో నజూమీలను అడిగారు. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు, కొన్ని జవాబులు నవ్వు తెప్పించేవే. చాంద్రమానం ప్రకారం అరవై ఒక్క ఏళ్లు నిండిన వేళ ఆయనకొక కల వచ్చింది. ఆకాశంలో నెలవంక కోసం వెతుకుతున్నారు. అది కనుమరుగవుతుంటే, అలాంటివి ఇంకా 170 చూస్తావని ఒక స్వరం వినిపించింది. లేచి లెక్కగడితే పద్నాలుగు చాంద్రమాన సంవత్సరాలు, రెండు నెలలు. జీవితమంతా చంద్రుణ్ణి లెక్కించినవారికి కలలోనూ లెక్కే వచ్చింది! కానీ ఆ 170 నెలవంకలూ అయిపోయాయి, ఆయన ఇంకా బతికే ఉన్నారు, మందు మూలికల మీద మరో పెద్ద పుస్తకం రాస్తూ.

మరణం 1048లో అని పాత పుస్తకాలు, మరో రెండేళ్లకో ఆ తరువాతో అని ఇప్పటి పరిశోధకులు. గజనీలో ఆఖరి ఘడియల్లో, ఊపిరి ఆడని స్థితిలో ఉండగా ఒక ఫఖీహ్ చూడటానికి వచ్చారు. వారసత్వంలో తల్లి తరఫు నానమ్మలు, అమ్మమ్మల వాటా గురించి ఎప్పుడో ఆయన చెప్పిన లెక్కను మరోసారి చెప్పమన్నారు బిరూనీ. ఈ స్థితిలోనా అని ఆయన జాలిపడ్డారు. తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అన్నది బిరూనీ జవాబు. ఫఖీహ్ ఆ లెక్క వివరించారు, బిరూనీ దాన్ని తిరిగి ఒప్పజెప్పారు. ఫఖీహ్ సెలవు తీసుకుని వీధిలోకి వచ్చారో లేదో, ఆ ఇంట్లోంచి ఏడుపులు వినిపించాయి.